శంభోస్వామి కొత్త రికార్డు

ఖుద్దూస్‌కు తెలుగు గడగడా మాట్లాడటం వచ్చు గాని ఒక్క అక్షరం రాయటం రాదు. అయినా నిజామాబాద్‌లో పసుపు గంజికి, అంటే పసుపు అమ్మే బజారుకు, పోయే సందులో, ఆయన రికార్డుల దుకాణం ముందర, ప్రతి శుక్రవారం సాయంత్రం నల్లబల్ల మీద తెలుగు రాత కనపడేది. ఆ వారం వచ్చిన పాటల రికార్డులు ఎట్లా ఉన్నాయో అందులో ఉండేది. కొత్తగా పాడినవైనా, పాతవాటిని మళ్ళీ అచ్చు వేసినవైనా ఏదీ వదలకపోయేది.

బల్లకు ఒక పక్క ఉర్దూ, ఇంకో పక్క తెలుగు. ఉర్దూ పక్క ఖుద్దూస్ సొంతం. ఏ రికార్డు వచ్చినా ‘బహుత్ ఉమ్దా’, అంటే చాలా బాగుంది, అని రాసి చేతులు దులుపుకునేవాడు. తెలుగు పక్కకు వచ్చేసరికి జేబులోంచి ఒక చీటీ తీసి, కళ్ళద్దాలు సవరించుకొని, ఆడవాళ్ళు ముగ్గు దించుకున్నట్టు ఒక్కో వంపూ చూసి దించేవాడు. ఒకసారి చీటీలో ఒక మాట కొట్టేసి ఉంది, పక్కన సిరా బొట్టు పడి ఉంది. ఆయన కొట్టివేతనూ దించాడు, బొట్టునూ దించాడు.

ఎదురు దుకాణంలో బట్టలు కుట్టే ఆత్మారాం కత్తెర చేతిలో పట్టుకొనే వచ్చి బల్ల ముందర నిలబడ్డాడు.

“ఖుద్దూస్ భాయ్, గీ గుండ్రటిది ఏం అక్షరం?”

“కాయిదంల ఉన్నది, బోర్డు మీద పెట్టిన. నన్నేం అడుగుతవ్?”

“గది అక్షరం కాదు భాయ్, సిరా బొట్టు!”

“ఉండనియ్యి. రాసినాయనకు లేని బాధ నీకెందుకు?”

రాసినాయన ఎవరో మాత్రం ఖుద్దూస్ చెప్పేవాడు కాదు. అదే ఆ సందులో పెద్ద ముచ్చట. ఎందుకంటే ఆ రాత అందరికీ నచ్చింది. కొత్తగా వచ్చిన సితార్ రికార్డు గురించి ఒకసారి ఇట్లా ఉంది: ‘మొదలు చాలా నిదానం. తొందరపడి మంట పెంచలేదు. చివర పాకం పొంగింది గాని పెనం దాటి కింద పోలేదు. బెల్లం బాగా కుదిరింది.’ ఇంకోసారి, ఒక పెద్ద గాయకుడి ఖయాల్ పాట మీద: ‘గొంతు మంచిది. కానీ ఈయన బండి ఎంతసేపటికీ ఊరు చేరదు. చేరాక మళ్ళీ వెనక్కి తిప్పుతాడు. తీరిక ఉన్నవాళ్ళు కొనవచ్చు.’ పాత వీణ రికార్డును మళ్ళీ అచ్చు వేస్తే: ‘సంచీ కొత్తది, గీరలు పాతవే. అయినా గీరల వెనక ఎవరో ఓపికగా కూర్చొని వాయిస్తున్నారు. వాళ్ళ కోసం వినండి.’

“పక్కా బెల్లం వండే కాపు ఎవడో ఉన్నడు. బోధన్ దిక్కు ముసలాయన. మీసాలుంటయ్” అని ఆత్మారాం తేల్చి చెప్పాడు.

బోధన్ దిక్కు అన్నంతవరకే నిజం. రాసేది పదో తరగతి చదివే రుక్మాబాయి. బోధన్ అవతల చెరుకు పల్లెలో ఏడు దాకా చదివి, పై చదువుకు నిజామాబాద్‌లో మేనత్త వసంతమ్మ ఇంటికి వచ్చింది. ఆ పిల్లకు సిగ్గు ఎంతంటే, బడిలో హాజరు పిలిచినప్పుడు ‘ఉన్న టీచర్’ అని ఆమె అన్న మాట పక్క బెంచీకి కూడా వినపడేది కాదు. ఎన్నోసార్లు బడికి వచ్చి కూడా పట్టీలో రానట్టు పడింది. అయినా లేచి ఆ మాట చెప్పుకోలేకపోయింది.

వసంతమ్మ పెరడుకూ ఖుద్దూస్ ఇంటి వెనక వాకిలికీ నడుమ ఒక చిన్న తలుపు. ఆ ఇంటికీ దుకాణానికీ మధ్య ఆకుపచ్చ పరదా. హైదరాబాద్ నుంచి పార్సిల్ వస్తే ఖుద్దూస్ ప్రతి రికార్డునూ ఒకసారి వేసి విన్నాకే అరలో పెట్టేవాడు. పరదా ఇవతల ఆయన భార్య ఖైరున్నిసా బియ్యంలో రాళ్ళు ఏరుతూ వినేది. రుక్మ పక్కన కూర్చొని ఏరేది. ఒకనాడు ఖైరున్నిసా ఊరికే, “ఎట్లున్నది బేటీ?” అని అడిగింది. రుక్మ ఆమె చెవిలో ఏదో చెప్పింది. ఖైరున్నిసా చేటలో బియ్యం చెల్లాచెదురయ్యేట్టు నవ్వి, ఆ మాట పరదా అవతలికి గట్టిగా చెప్పింది. ఖుద్దూస్ కూడా నవ్వాడు. “గది రాసియ్యమను. బోర్డు మీద పెడత” అన్నాడు. రుక్మ ఒకే ఒక్క ఒప్పందం మీద రాసిచ్చింది. తన పేరు ఎవరికీ చెప్పవద్దు.

ఇంతకీ రుక్మకు పాటల మీద అంత చెవి ఎక్కడిదంటే, శంభోస్వామి దగ్గరిది.

శంభోస్వామి ఎవరో ఎవరూ చూడలేదు. పల్లెలో రుక్మ వాళ్ళ ఇంట్లో కీ ఇచ్చి తిప్పే పాత గ్రామఫోను పెట్టె ఉండేది. తాత పోశన్న కొన్నది. దానికి ఉన్నది ఒకే ఒక్క రికార్డు. రికార్డు నడిమధ్య కాయిదం మీద తాత శివుడి బొమ్మ అతికించాడు. అందుకని పాడినవాళ్ళ పేరు ఏమిటో కనపడేది కాదు. పెట్టె పక్కన ఒక చిన్న ముల్లు, దాని మీద ముద్ద లాగా ఎర్రటి లక్క. “లక్క ముట్టుకుంటె స్వామి పోతడు” అని పిల్లలకు చెప్పేవాళ్ళు. ఎవరూ ముట్టలేదు.

కీ తిప్పి సూది ఆనిస్తే బావి లోపలినుంచి వచ్చినట్టు గంభీరంగా, నిదానంగా ఒక మగ గొంతు లేచేది. భైరవి రాగం. ఏటితో మాట్లాడే పాట. ఓ నదీ, మెల్లగా పారు, నావలో నా వాడు ఉన్నాడు అని బతిమాలే పాట. స్వాములవారు ‘నా వాడు’ అనటం ఏమిటని ఎవరికైనా అనుమానం వస్తే ముత్తవ్వ చంద్రవ్వ, అంటే పోశన్న తల్లి, అర్థం చెప్పేదట: “నావ అంటె ఈ కట్టె. నా వాడు అంటె లోపలున్న దేవుడు.” పాట చివర గీరల నడుమ స్వామి ‘శం... భో’ అని సాగదీసి అనేవాడు. మిగతా మాటలు గీరల్లో కలిసిపోయేవి. ‘శంభో’ వినపడగానే ఇంటిల్లిపాదీ చేతులు జోడించేవాళ్ళు. రుక్మ చేతులు పాలు తాగే వయసు నుంచి ఆ చోట వాటంతట అవే లేచేవి.

తాత ఉన్నన్నాళ్ళు స్వామితో కలిసి పాడేవాడు. ఎక్కడ స్వామి ఆపితే అక్కడ ఆపి, ఎక్కడ లేస్తే అక్కడ లేచేవాడు. తాత పోయాక ఆయన భార్య, బాపమ్మ రాములవ్వ, సోమవారం సోమవారం ఆ రికార్డు వేసుకొని ఒక్కతే వినేది.

కిందటి దసరాకు ఇల్లు సున్నం కొడుతుంటే అర మీదినుంచి రికార్డు జారింది. అప్పడం విరిగినట్టు విరిగింది. రాములవ్వ ఏడవలేదు. ముక్కలన్నీ ఏరి పాత చీర కొంగులో మూట కట్టింది. సెలవు అయిపోయి రుక్మ పట్నం బస్సు ఎక్కేటప్పుడు మాత్రం కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది.

“నువ్వు పాటల దుకాణం పక్కన్నే ఉంటవు గద బిడ్డా. జర సూడు. స్వామి గొంతు ఇనక నాకు పొద్దు పోతలేదు.”

“తెస్త బాపమ్మ” అంది రుక్మ. అందరికంటే చిన్నగా మాట్లాడే పిల్ల ఆ మాటను మాత్రం బస్సంతా వినేట్టు అంది.

అప్పటినుంచి ఆమెకు అదే ధ్యాస. ఖైరున్నిసా చేత అడిగించింది. ఖుద్దూస్ గడ్డం గోక్కున్నాడు. “శంభోస్వామి? షహనాయి ఊదేటాయననా? హరికథలాయననా?” హైదరాబాద్ దుకాణాలకు కబురు పెట్టాడు. ఆ పేరుగల పాటగాడు ఎవరూ లేరని జవాబు వచ్చింది. చెరుకు బండ్లు ఫ్యాక్టరీకి కదిలాయి, సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది. స్వామి దొరకలేదు.

శివరాత్రి అయిన రెండో వారం పార్సిల్‌లో ఒక పెద్ద రికార్డు వచ్చింది. ఎన్నడో పాడిన చిన్న రికార్డులను కొన్నింటిని ఏరి, ఒక్క పెద్ద రికార్డు మీద కొత్తగా అచ్చు వేశారట. ఖుద్దూస్ వేశాడు. రుక్మ పరదా వెనక బియ్యం ఏరుతోంది. మొదటి పాట అయింది, రెండోది అయింది. మూడో పాట ఎత్తుకోగానే ఆమె చెయ్యి చేటలో ఆగిపోయింది.

అదే పాట. అదే ఏరు, అదే నావ. తాత ఆపే చోట ఆగుతోంది, తాత లేచే చోట లేస్తోంది. కానీ పాడుతున్నది ఆడమనిషి. సన్నటి గొంతు, చురుకైన గొంతు, వడివడిగా నడిచిపోయే గొంతు. శంభోస్వామి ఎక్కడా లేడు.

రుక్మకు కోపం రావటం ఖైరున్నిసా ఎన్నడూ చూడలేదు. ఆనాడు చూసింది. పాట సగంలో ఉండగానే ఆ పిల్ల చేట పక్కన పెట్టి, చిన్న తలుపు దాటి, అత్త ఇంట్లోకి పోయింది. కాసేపటికి చీటీ తెచ్చి ఖైరున్నిసా చేతిలో పెట్టి మళ్ళీ పోయింది. ఖైరున్నిసాకూ తెలుగు చదవటం రాదు. ఖుద్దూస్ ఎప్పటిలాగే ముగ్గు దించినట్టు దించాడు. ఉర్దూ పక్క ‘బహుత్ ఉమ్దా’ అని రాశాడు. వెనక్కి జరిగి మెచ్చుకోలుగా చూసుకున్నాడు.

ఆత్మారాం వచ్చి గట్టిగా చదివాడు:

‘పాత రికార్డును మళ్ళీ అచ్చు వేశారు. వేస్తూ పాడు చేశారు. శంభోస్వామి గొంతు తీసేసి ఆడ గొంతు అతికించారు. ఏటిని మెల్లగా పొమ్మనే పాటను కుక్క తరిమినట్టు పాడించారు. పాకం రాకముందే పెనం దించారు. ఎవరూ కొనవద్దు.’

ఖుద్దూస్ చేతిలో సుద్దముక్క కింద పడింది.

“గట్లున్నదా?”

“గట్లనే ఉన్నది. నీ చేతితోటే రాసినవ్. నీ దుకాణానికి నువ్వే తాళం ఏసుకుంటున్నవ్ భాయ్!”

ఖుద్దూస్ లోపలికి వచ్చి పరదా దగ్గర నిలబడ్డాడు. ఖైరున్నిసా రుక్మను పిలుచుకొచ్చింది.

“బేటీ, గిది నువ్వు రాసినవా?”

“నేనే రాసిన చాచా.”

“ఆలోచించే రాసినవా?”

“ఆలోచించే రాసిన.”

ఆయన పరదా వదిలి వెనక్కి తిరిగాడు. “అయితె ఉండని. మంచిగున్నదంటె పెట్టి, లేదంటె తుడుస్తనా? గట్లయితె బోర్డెందుకు?” అని బయటికి పోయాడు. ఆ మాటకు రుక్మకు ఇంకా ధైర్యం వచ్చింది. తప్పు చేసినవాళ్ళకు వచ్చే ధైర్యం అని ఆమెకు అప్పుడు తెలియదు.

ఆ వారమంతా ఆ రికార్డును ఎవరూ కొనలేదు. కొనకపోగా, “శంభోస్వామి రికార్డు ఉన్నదా?” అని అడగటం మొదలుపెట్టారు. ఆర్మూర్ నుంచి ఒకాయన ప్రత్యేకంగా వచ్చి అడిగాడు. లేని స్వామికి ఇంత గిరాకీ ఏమిటని ఖుద్దూస్ తల పట్టుకున్నాడు.

మరుసటి శుక్రవారం బడికి సెలవు. ఆ పొద్దున బోధన్ బస్సు దిగి రాములవ్వ వచ్చింది. చెరుకంతా ఫ్యాక్టరీకి పోయింది, చేతులకు పని లేదు, బిడ్డ వసంతమ్మ ఇంట్లో నాలుగు దినాలు ఉండిపోదామని. సంచీ దించకముందే రుక్మను దగ్గరికి లాక్కుంది.

“దొరికిండా?”

“లేదు బాపమ్మ” అంది రుక్మ. పాడైపోయిన రికార్డు సంగతి చెప్పలేదు. ఆ ఆడ గొంతు ముసలామె చెవిన పడితే గుండె పగులుతుందని ఆమె భయం. ఖైరున్నిసాకు చెప్పి ఉంచింది: “చాచీ, బాపమ్మ ఉన్నన్నాళ్ళు ఆ రికార్డు వెయ్యవద్దని చాచాకు చెప్పు.” ఖైరున్నిసా చెప్పింది. ఖుద్దూస్ సరేనన్నాడు.

కానీ మధ్యాహ్నం ఆత్మారాం ఊరుకోలేదు. “గంత చెడ్డగున్నదా భాయ్? చెడ్డదయినా ఒక్కపారి ఇనాలె గద. ఎయ్యి, సూద్దాం” అని బెంచీ మీద కూర్చున్నాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు చేరారు. మొహమాటం కొద్దీ ఖుద్దూస్ సరిగ్గా ఆ పాట మీదనే సూది పెట్టాడు.

పెరట్లో రాములవ్వ జొన్నరొట్టె తింటోంది. వసంతమ్మ కారం నూరి పెట్టింది. పాట గోడ దాటి వచ్చింది. రాములవ్వ నోట్లో ముద్ద అట్లాగే ఉండిపోయింది.

“ఏం లేదు బాపమ్మ, ఎవరిదో... తిను” అని రుక్మ గబగబా తలుపుకు అడ్డం పోయింది.

రాములవ్వ లేచింది. ఎంగిలి చెయ్యి కడుక్కోలేదు. మనవరాలిని పక్కకు జరిపి, చిన్న తలుపు దాటి, ఖైరున్నిసా వాకిలి దాటి, ఆకుపచ్చ పరదాను మోచేతితో తోసి, నేరుగా దుకాణంలో మగవాళ్ళ బెంచీ ముందర తేలింది.

ఖుద్దూస్ కంగారుగా మర మీద చెయ్యి వేయబోయాడు.

“ఆపకు కొడుకా! ఆపితె నీకు పుణ్యముండదు!”

ఆత్మారాం పక్కకు జరిగి చోటు ఇచ్చాడు. ముసలామె రొట్టె చెయ్యి గాలిలో పట్టుకొని కూర్చుంది. పరదా వెనక రుక్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. బాపమ్మ ఏడుస్తుంది, ఇప్పుడు ఏడుస్తుంది అనుకుంది. ఏడుపు వినపడలేదు. పాట చివరికి వచ్చింది. స్వామి ‘శంభో’ అనే చోటు వచ్చింది. రుక్మ చేతులు వాటంతట అవే లేచాయి.

“మై హూఁ చంపాబాయి నాందేడ్‌వాలీ!” అంది రికార్డులోని ఆడమనిషి, గలగలా నవ్వినట్టు. వెనకటి పాటగాళ్ళు పాట అయిపోయాక తమ పేరు తాము చెప్పుకునేవాళ్ళు. మొన్న సగంలో లేచిపోయిన రుక్మ ఇది వినలేదు.

అవతల రాములవ్వ చప్పట్లు కొట్టింది. రొట్టె ముక్క ఎగిరి ఆత్మారాం ఒళ్ళో పడింది.

“సంపాబాయి! సంపాబాయి! ఎన్నేండ్లకు మల్ల ఇన్న తల్లీ నీ పేరు!”

జోడించిన చేతులు జోడించినట్టే రుక్మ నిలబడిపోయింది. పల్లెలో చ పలకదు. చూడు అంటే సూడు, చెప్పు అంటే సెప్పు. బడిలో టీచరు బెత్తం చూపించి తన చేత చ అనిపించేదాకా తనకూ పలకలేదు. చంపా అంటే సంపా. సంపాను సాగదీసి, బావిలో నుంచి, గీరల నడుమ అంటే... శంపో. శంభో.

ఆ పిల్ల పరదా తీసుకొని బయటికి వచ్చేసింది. అంతమంది మగవాళ్ళ ముందరికి రావటం అదే మొదటిసారి. వచ్చినట్టు ఆమెకే తెలియదు.

“బాపమ్మ! నీకు తెలుసా?”

“నాకు తెల్వకపోతె ఎవరికి తెలుస్తది?” అని రాములవ్వ కొంగుతో చెయ్యి తుడుచుకుంది. “మీ తాత ఎడ్లు కొంటనని నాందేడ్ పోయిండు. ఎడ్లు తేలె, గీ పెట్టె తెచ్చిండు. అప్పుడు నేను నీ కంటె జర పెద్ద. మొదటినాడు గిట్లనే పాడింది సంపాబాయి, ముద్దుగ. మా అత్త సంద్రవ్వ ఊరంత లేపింది. పాటలు పాడేదాని గొంతు నా ఇంట్ల ఇనపడితె బాయిల దుంకుత అన్నది. బాయి దాక పోయింది గూడ.”

“దుంకిందా?” అన్నాడు ఆత్మారాం.

“బాయిల నీళ్ళు సల్లగుంటయని వాపసొచ్చింది. మీ తాత ఏం సేసిండు? వారమయినంక పెట్టె పక్కన ముల్లును ఎనకకు తిప్పిండు. సక్రం మెల్లగ తిరిగె, ఆడిది మొగోడాయె. ముల్లు కదలకుంట లక్క పోసిండు. బొమ్మ అతికిచ్చిండు. ‘అవ్వా, దాన్ని వాపసిచ్చి స్వామి పాట తెచ్చిన, ఇను’ అన్నడు. ఆఖర్ల సంపా అన్నది శంభో అన్నట్టు ఇనపడె. అత్త రెండు సేతులు ఎత్తి మొక్కింది. ఇగ నేను వంటింట్ల కొంగు నోట్ల కుక్కుకొని నవ్వుడు. బతికినన్ని దినాలు మొక్కింది ముసల్ది, నావ అంటె కట్టె, నా వాడు అంటె దేవుడు అనుకుంట!”

దుకాణం అంతా నవ్వింది. ఖుద్దూస్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పరదా వెనక ఖైరున్నిసా నవ్వు అందరికంటే గట్టిగా వినపడింది.

“మరి ముత్తవ్వ పోయినంక లక్క ఎందుకు తియ్యలే?” అని అడిగింది రుక్మ.

రాములవ్వ నవ్వు మెత్తబడింది. “అప్పటికి మీ తాత గొంతు గా గొంతుల కలిసిపోయింది బిడ్డా. ఆయనకు గట్లనే పాడుడు అలవాటాయె. లక్క తీస్తె ఇద్దరు పోతరు గద.”

రుక్మ బాపమ్మ పక్కకు జరిగింది. “మరి నీకు ఏది కావాలె బాపమ్మ?” అంది.

“గిది మంచిగున్నది. సంపాబాయి ఇంక పడుసుగనే ఉన్నది, నేనే ముసల్దాన్నయిన. గని నేను నిన్ను తెమ్మన్నది స్వామిని.”

అందరూ ఖుద్దూస్ వైపు చూశారు. ఆయన ఉత్సాహంగా లేచాడు. “మన మరకు నాలుగు స్పీడ్లున్నయ్! గింత కష్టమా?” అని అన్నింటికంటే నిదానమైన దాని మీద పెట్టి వేశాడు. చంపాబాయి గొంతు బురదలో దిగబడింది. ఒక్కో మాటకు ఒక్కో యుగం.

“గిది శంభోస్వామి కాదు” అన్నాడు ఆత్మారాం. “ఆయన ఎక్కి తిరిగే ఎద్దు.”

రాములవ్వ కూడా నవ్వింది గాని, తల అడ్డంగా ఊపింది. ఖుద్దూస్ మళ్ళీ మామూలు స్పీడుకు పెట్టాడు. చంపాబాయి చెంగున లేచింది. నడుమ ఇంకో స్పీడు లేదు.

అప్పుడు రుక్మ రెండడుగులు ముందుకు వేసింది. ఎవరినీ చూడలేదు. తిరుగుతున్న పళ్ళెం అంచు మీద, రికార్డుకు తగలకుండా, చూపుడు వేలు కొసను మెల్లగా ఆనించింది. చంపాబాయి గొంతు కొంచెం వంగింది. ఇంకొంచెం ఆనించింది. గొంతు ఇంకా దిగింది. ఎక్కువైంది. వేలు వెంట్రుకవాసి వెనక్కి తీసింది. ఆ గొంతు ఏ మెట్టు మీద నిలబడాలో ఆమె చెవికి తెలుసు. పాలు తాగే వయసు నుంచి తెలుసు.

బావి లోపలినుంచి, గంభీరంగా, నిదానంగా, శంభోస్వామి లేచాడు.

రాములవ్వ కళ్ళు మూసుకుంది. స్వామి ఆపిన చోట ఆపి, లేచిన చోట లేచి, తాత పాడినట్టే పెదవుల్లో పాడింది. రుక్మ వేలు వేడెక్కింది, తీయలేదు. వేలు కింద పళ్ళెం సన్నగా వణుకుతుంటే తాత చెయ్యి పట్టుకొని నడుస్తున్నట్టే ఉంది.

“శం... భో” అన్నాడు స్వామి.

రాములవ్వ చేతులు జోడించింది. ఆత్మారాం జోడించాడు. ఖుద్దూస్ అలవాటు కొద్దీ ‘ఆమీన్’ అన్నాడు.

తర్వాత రుక్మ సుద్దముక్క తీసుకుంది. తన రాతను తానే తడిగుడ్డతో తుడిచింది. నడి సందులో, పసుపు బస్తాల బండ్లు పోతుండగా, పట్టపగలు, నల్లబల్ల ముందర నిలబడి రాసింది.

‘పోయిన వారం రాసింది తప్పు. పాట సగంలో లేచిపోయి రాశాను. రికార్డును ఎవరూ పాడు చేయలేదు. బాగా అచ్చు వేశారు. చంపాబాయి గారు ఏటికి ఎదురుగా నిలబడి పాడుతున్నట్టు ఉంది. ఆమె తొందరపడటం లేదు, ఏరే ఆమెను చూసి నిదానించింది. మా ఇంట్లోని గ్రామఫోనే నెమ్మది. అది తాత ప్రేమతో చేసిన నెమ్మది. పాకం కుదిరింది. అందరూ కొనండి. చివరిదాకా వినండి, చివర ఆమె తన పేరు చెప్తుంది.’

చంపాబాయి తన పేరు ఎంత గట్టిగా చెప్పుకుందో గుర్తు వచ్చింది. కింద రాసింది: ‘రుక్మాబాయి, పదో తరగతి.’

ఆత్మారాం నోరు తెరిచాడు. “నువ్వా? నేను మీసాల ముసలాయన అనుకుంటి గదనే!”

“మీసాలు నాకున్నయ్ తియ్యి” అంది రాములవ్వ గడ్డం తడుముకుంటూ. “మా పిల్లకెందుకు?”

ఖుద్దూస్ బల్ల వంక తల వాల్చి చూశాడు. “రాత మంచిగనే ఉన్నది గని, నేను రాస్తె అక్షరాలు ఇంక గుండ్రంగ వస్తుండె” అన్నాడు.

ఆ సాయంత్రానికే రికార్డులు అమ్ముడుపోసాగాయి. కొన్నవాళ్ళు ఇంటికి పోయి, పళ్ళెం మీద వేలు పెట్టి స్వామిని పిలుచుకోవటం కూడా మొదలుపెట్టారు. మెల్లగా ఆనించకపోతే స్వామి రాడని ఆత్మారాం వచ్చేపోయేవాళ్ళకు పాఠం చెప్పాడు.

పల్లెలోని కీ పెట్టె మీద ఈ పెద్ద రికార్డు తిరగదు. రాములవ్వ దానికి ఏమీ బాధపడలేదు. “బోధన్ బస్సు ఉన్నది, నా మనుమరాలి ఏలున్నది. సోమవారం సోమవారం వస్త. మొదలు సంపాబాయిని ఇంట, తర్వాత మీ తాతను ఇంట” అంది.

ఖుద్దూస్ ఒక రికార్డును అమ్మకుండా పక్కకు తీశాడు. ముసలామె పేరు మీద ఉంచుదామని రుక్మ చేత ఒక చీటీ మీద పేరు రాయించుకొని, రికార్డు సంచీ మీద శ్రద్ధగా దించాడు. ‘రాములవ్వ’. దించాక వెనక్కి జరిగి చూసుకున్నాడు. ఏదో తక్కువైనట్టు అనిపించి, చివర గుండ్రంగా ఒక సిరా బొట్టు కూడా పెట్టాడు.